బర్డ్ ఫ్లూ వస్తే ఏం చేయాలి: మొదటి ఫోన్ నుంచి మళ్ళీ బ్యాచ్ వేసేదాకా

గుడ్ల కోళ్ళను పెంచే లేయర్ షెడ్డులో రోజుకు నాలుగైదు కోళ్ళు చచ్చిపోతే ఎవరూ కంగారు పడరు. ఇరవై వేల కోళ్ళున్న చోట అది మామూలే. పొద్దున్నే కూలీలు కేజ్‌ల వెంట నడుస్తూ చచ్చినవాటిని లాగి బస్తాలో వేస్తారు, గోడకు వేలాడే రిజిస్టర్లో ఒక అంకె రాస్తారు, మేత పోయడానికి వెళ్ళిపోతారు. ఆ అంకె ఒకరోజు నలభై అయి, మర్నాటికి మూడొందలైతే ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఈ పరిస్థితే వచ్చింది. తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారం నుంచి, పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరు నుంచి వెళ్ళిన శాంపిళ్ళలో బర్డ్ ఫ్లూ తెచ్చే హెచ్5ఎన్1 వైరస్ ఉందని భోపాల్ ల్యాబ్ తేల్చింది. సరిగ్గా ఏడాది ముందు, 2024 ఫిబ్రవరిలో, నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం చాటగొట్లలోనూ, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలోనూ ఇదే జబ్బు. దేశం మొత్తంలో ఎక్కువ గుడ్లు పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఇన్ని కోళ్ళు ఒకచోట ఉన్నప్పుడు మళ్ళీ రాదనుకోవడం అత్యాశ.

నేను పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కోళ్ళను చంపే టీములతో షెడ్లలోకి దిగాను, ఆ రైతుల మొహాలూ చూశాను. నాకు అర్థమైనది ఒకటే. ప్రభుత్వం ఏ వరసలో కదులుతుందో ముందే తెలిసిన రైతు తక్కువ నష్టపోతాడు. తెలియనివాడు మొదటి రెండు రోజుల్లోనే దాస్తాడు, అమ్మేస్తాడు, కాలవలో పారేస్తాడు. అక్కడితో తన డబ్బూ పోతుంది, పక్కవాడి కోళ్ళూ పోతాయి. అందుకే ఆ వరసనే చెబుతున్నాను. షెడ్డున్న రైతుకైనా, పెరట్లో పది నాటుకోళ్ళున్న ఇల్లాలికైనా, ఊరి సర్పంచికైనా ఇదే వరస.

గేటు మూయండి, తర్వాత ఫోన్ తీయండి

కోళ్ళు ఒక్కసారిగా రాలిపోతుంటే మొదట గుర్తొచ్చేది కొక్కెర తెగులు. మనవాళ్ళలో చాలామంది రాణిఖేత్ అంటారు. అదీ ఇలాగే చంపుతుంది. బర్డ్ ఫ్లూ అయితే తరచుగా తల, కళ్ళ చుట్టూ వాపు ఉంటుంది. జుట్టు, గడ్డం కింద వేలాడే తమ్మెలు నీలం రంగుకు తిరుగుతాయి. కాళ్ళ మీద ఎర్రటి రక్తపు మరకలు కనిపిస్తాయి. గుడ్లు తగ్గిపోతాయి, పెట్టినవి గట్టి పెంకు లేని తోలుగుడ్లు. కొన్నిసార్లు ఏ లక్షణమూ లేకుండా రాత్రి బాగున్న కోడి తెల్లారేసరికి కాళ్ళు చాపేసి ఉంటుంది. కళ్ళతో చూసి ఈ రెండింటికీ తేడా చెప్పేస్తాననేవాణ్ణి నమ్మకండి. నేను చెప్పలేను. ల్యాబ్ ఒక్కటే చెప్పగలదు.

మీరు చేయాల్సిన మొదటి పని గేటు మూయడం. గుడ్ల లారీ, ఫీడ్ లారీ, ముసలి కోళ్ళు కొనే వ్యాపారి, పక్క ఫారం నుంచి చూడ్డానికొచ్చే బావమరిది, ఎవరినీ లోపలికి రానివ్వకండి. ఈ జబ్బు వలస పక్షులతో వస్తుందని అందరూ కొల్లేరు వైపు చూపిస్తారు. అది నిజమే కావచ్చు. కానీ ఒకసారి ఊళ్ళోకి వచ్చాక షెడ్డు నుంచి షెడ్డుకు మోసుకెళ్ళేది కొంగలు కాదు. ఎగ్ ట్రేలు, లారీ టైర్లు, మన చెప్పులు. ఒక ఫారంలో వాడిన అట్ట ట్రేలు కడగకుండా ఇంకో ఫారానికి వెళ్ళడం మన దగ్గర రోజువారీ సంగతి.

తర్వాత ఫోన్. మండల పశువైద్యుడికి చేయండి. నంబరు లేకపోతే రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకులుంటారు, లేదా టోల్ ఫ్రీ 1962కు చేయండి. ఫోన్ చేసిన టైము రిజిస్టర్లో రాసుకోండి. వీలైతే అదే విషయం వాట్సాప్‌లో మెసేజ్‌గా కూడా పంపండి. తర్వాత ఎప్పుడైనా మాట వస్తే ఆ మెసేజే మీకు సాక్ష్యం.

జబ్బు సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టానికి వదిలిన విషయం కాదు. పశువుల అంటువ్యాధుల నివారణకు 2009లో కేంద్రం చేసిన చట్టం ప్రకారం యజమాని చెప్పి తీరాలి. యజమాని చెప్పకపోయినా తెలిసిన పంచాయతీ చెప్పాలి. చచ్చిన పశువునో పక్షినో కాలవలో, చెరువులో పడేయడం కూడా ఆ చట్టం కింద నేరమే. మన డెల్టాలో ఇంకో చెడ్డ అలవాటుంది. చచ్చిన కోళ్ళను చేపల చెరువులకు మేతగా తోలేస్తారు. జబ్బు కోళ్ళతో ఆ పని చేస్తే ఒక షెడ్డులో ఉన్న వైరస్‌ను ఆటో ఎక్కించి ఊరూరా తిప్పినట్టే.

భోపాల్ నుంచి కబురొచ్చేదాకా

డాక్టర్ వస్తారు. కొన్ని కోళ్ళ గొంతులో, మలద్వారంలో దూది పుల్ల తిప్పి శాంపిల్ తీస్తారు. అప్పుడే చచ్చిన కోళ్ళను కూడా కొన్నిటిని ప్యాక్ చేస్తారు. మూడు పొరల ప్యాకింగ్‌లో, ఐస్ పెట్టి, మనిషిని ఇచ్చి భోపాల్ పంపిస్తారు. అక్కడి జాతీయ హై సెక్యూరిటీ పశువ్యాధుల సంస్థే మన దేశంలో ఈ జబ్బును అధికారికంగా ఖరారు చేసేది. జిల్లా ల్యాబులో అనుమానం తేలినా ప్రభుత్వం దాని మీద ప్రకటన చేయదు. భోపాల్ కాగితం రావాలి.

శాంపిల్ ప్రయాణం, పరీక్ష కలిపి కొన్ని రోజులు పడుతుంది. ఈ కొన్ని రోజులే అసలు పరీక్ష. ఫోన్లు మొదలవుతాయి. "కబురు రాకముందే తోలేసుకో, సగం రేటైనా వస్తుంది" అని వ్యాపారి చెవిలో ఊదుతాడు. వినకండి. జాలిపడి చెప్పే మాట కాదది. సగం రేటుకు కొని పూర్తి రేటుకు అమ్ముకునే లెక్క. ఆ కోడి ఏ ఊరి మార్కెట్లో తేలుతుందో, అక్కడ ఏ షెడ్డును ముంచుతుందో ఎవరికీ తెలియదు.

ఈ రోజుల్లో మీరు చేయాల్సినవి నాలుగు. షెడ్డులోకి వెళ్ళే మనుషులను ఇద్దరు ముగ్గురికి తగ్గించండి, వాళ్ళు రోజూ ఇంటికి వెళ్ళకుండా ఫారం దగ్గరే ఉండే ఏర్పాటు చేయండి. వాళ్ళకు మాస్కు, గ్లౌజులు, బూట్లు ఇవ్వండి, షెడ్డు వాకిట్లో బ్లీచింగ్ నీళ్ళ తొట్టి పెట్టండి. చచ్చినవాటిని బయట పారేయకుండా సంచుల్లో కట్టి ఒకచోట సున్నం చల్లి ఉంచండి. కుక్కలను, పిల్లులను కట్టేయండి. ఈ నాలుగోదాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. నాగ్‌పూర్ గోరేవాడ వన్యప్రాణుల రక్షణ కేంద్రంలో 2024 చివర్లో పులులే ఈ వైరస్‌కు చచ్చిపోయాయి. మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లోనూ దొరికింది. పిల్లి కోడిని తిని వచ్చి మీ పాప మంచం మీద పడుకుంటుంది.

వృత్తం గీసిన రోజు

భోపాల్ నుంచి పాజిటివ్ అని రాగానే మీ ఫారం ఒక మ్యాప్‌లో చుక్క అవుతుంది. ఆ చుక్క చుట్టూ ఒక కిలోమీటరు వృత్తం గీస్తారు. దాన్ని ఇన్ఫెక్టెడ్ జోన్ అంటారు, టీవీల్లో రెడ్ జోన్. పది కిలోమీటర్ల దాకా ఇంకో వృత్తం. అది నిఘా జోన్, సర్వైలెన్స్ జోన్. కలెక్టర్ ఉత్తర్వులిస్తారు. రోడ్ల మీద పోలీసులు నిలబడతారు. కేంద్రం ప్రపంచ పశు ఆరోగ్య సంస్థకు కబురు పెడుతుంది. పొరుగు రాష్ట్రం తన సరిహద్దులో చెక్‌పోస్టు వేస్తుంది. 2025లో తెలంగాణ అలాగే ఆంధ్రా కోళ్ళ లారీలను సరిహద్దులోనే ఆపి వెనక్కి పంపింది.

కిలోమీటరు లోపల ఉన్న పక్షులన్నిటినీ చంపుతారు. జబ్బున్నవీ, లేనివీ, షెడ్డువీ, పెరటివీ, బాతులూ, టర్కీలూ. పది కిలోమీటర్ల వృత్తంలో చంపరు గానీ కదలనివ్వరు. కోళ్ళు, గుడ్లు, మేత, ఎరువు ఏదీ లోపలికీ బయటికీ వెళ్ళకూడదు. శాంపిళ్ళు తీస్తూ ఉంటారు.

"నా కోళ్ళు బాగానే ఉన్నాయి, ఎందుకు చంపుతారు?" ప్రతి ఊళ్ళో అడిగే ప్రశ్న ఇది, న్యాయమైన ప్రశ్నే. జవాబు 1997 హాంకాంగ్‌లో ఉంది. హెచ్5ఎన్1 కోళ్ళ నుంచి నేరుగా మనుషులకు సోకినట్టు మొదట తేలింది అక్కడే. 18 మందికి వచ్చింది, ఆరుగురు చనిపోయారు. ఆ డిసెంబరు చివర్లో నగరంలో ఉన్న కోళ్ళన్నిటినీ, పదమూడు లక్షలకు పైగా, మూడు నాలుగు రోజుల్లో చంపేశారు. ఆ దెబ్బతో అక్కడ మనుషుల కేసులు ఆగిపోయాయి. కోడి బాగున్నట్టు కనిపిస్తూనే వైరస్ వదలడం మొదలుపెడుతుంది. లక్షణాల కోసం ఆగితే వృత్తం మీ ఊరితో ఆగదు.

మరి టీకా వేయొచ్చు కదా? చైనా ఎప్పటినుంచో వేస్తోంది, ఫ్రాన్స్ 2023 నుంచి బాతులకు వేస్తోంది. మన దేశం హెచ్5ఎన్1కు టీకా ఒప్పుకోదు. టీకా వేసిన పక్షిలో జబ్బు బయటపడదు గానీ వైరస్ లోపల తిరుగుతూ ఉండొచ్చన్నది ప్రభుత్వం భయం. ఎగుమతుల లెక్కలు కూడా ఉన్నాయి. ఈ విధానం ఎప్పటికీ ఇలాగే ఉండాలని నేను అనను. కానీ ఇవాళ మీ ఫారం గేటు దగ్గర వాదించుకునే విషయం మాత్రం అది కాదు. దొంగ టీకాలు తెచ్చి వేయకండి.

లెక్క, లెక్క, లెక్క

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. డబ్బంతా ఈ భాగంలోనే ఉంది.

నియమం చిన్నది. ప్రభుత్వం చంపిన కోడికి పరిహారం ఉంది, జబ్బుతో చచ్చిన కోడికి లేదు. టీము చంపిన పక్షులకూ, వాళ్ళు నాశనం చేసిన గుడ్లకూ, మేతకూ కట్టిస్తారు. కేంద్రం సగం, రాష్ట్రం సగం భరిస్తాయి.

ఇప్పుడు లెక్క వేయండి. మీ దగ్గర ఇరవై వేల కోళ్ళున్నాయి. మూడొందలు చచ్చిన రోజునే ఫోన్ చేశారు, టీము వచ్చేసరికి ఇంకో రెండు వేలు పోయాయి. మిగిలిన పదిహేడు వేల ఏడొందలకు పరిహారం వస్తుంది. అదే భయపడి ఐదు రోజులు దాచారు, పన్నెండు వేలు చచ్చాయి. ఎనిమిది వేలకే వస్తుంది. దాచిన ప్రతి రోజూ మీ కోళ్ళు డబ్బొచ్చే గడిలోంచి డబ్బు రాని గడిలోకి జారుతున్నాయి. "చెబితే నష్టం" అనేవాడికి ఈ లెక్క చూపించండి.

టీము షెడ్డులోకి దిగేముందు పంచనామా రాస్తారు. ఎన్ని కోళ్ళు, ఏ వయసు, ఎన్ని గుడ్లు, ఎన్ని కిలోల మేత. రెవెన్యూ మనిషి, పశువైద్యుడు, ఊరివాళ్ళు ఉంటారు. ఆ కాగితం మీద ఏ అంకె పడితే మీ ఖాతాలోకి ఆ అంకె ప్రకారమే వస్తుంది. చంపాక లెక్క పెట్టడం ఎవరి వల్లా కాదు. కాబట్టి ముందురోజు రాత్రే కూర్చోండి. కోడిపిల్లలను కొన్న హ్యాచరీ బిల్లు, ఫీడ్ బిల్లులు, టీకాల రికార్డు, రోజువారీ చావుల రిజిస్టర్, అన్నీ ఒక కవర్లో పెట్టండి. ఒక్కో షెడ్డులో ఎన్ని వరసలు, వరసకు ఎన్ని కేజ్‌లు, కేజ్‌కు ఎన్ని కోళ్ళు అని చిన్న కాగితం మీద గీసుకోండి. అధికారులు ముప్పై వేల తలలు ఒక్కొక్కటీ లెక్కపెట్టరు, కేజ్‌ల లెక్క చూసి గుణిస్తారు. మీ గీత వాళ్ళ గీతతో కలిస్తే వాదన ఉండదు. గుడ్లను ట్రేలుగా, మేతను బస్తాలుగా సర్ది ఫోన్‌లో వీడియో తీయండి.

నేను చూసిన ఒక ఫారంలో ఆయనకు బిల్లులున్నాయి, రిజిస్టర్ లేదు. "అన్నీ నా బుర్రలోనే ఉన్నాయండీ" అన్నాడు. రెండు షెడ్ల మధ్య ఒక బ్యాచ్ కోళ్ళను మార్చిన సంగతి కాగితం మీద ఎక్కడా లేదు. వయసు దగ్గర లెక్క తేడా వచ్చింది. పెద్ద కోడికీ చిన్న కోడికీ రేటు వేరు. ఆ తేడా తేలడానికి నెలలు పట్టింది. ఇంకో ఆవిడ, పెరట్లో పద్నాలుగు నాటుకోళ్ళు మాత్రమే ఉన్న మనిషి, మేం వెళ్ళేసరికి గుమ్మం పక్క గోడ మీద బొగ్గుతో పెట్టలు తొమ్మిది, పుంజులు రెండు, పిల్లలు మూడు అని రాసిపెట్టుకుంది. ఐదు నిమిషాల్లో ఆవిడ పంచనామా అయిపోయింది.

సంతకం పెట్టేముందు పంచనామా చదవండి. చదవడం రాకపోతే కొడుకునో కూతురినో పిలిచి చదివించుకోండి. ఒక కాపీ ఫొటో తీసుకోండి.

రెండు మెలికలు. ఒకటి, కాంట్రాక్టు బ్రాయిలర్ ఫారాలు. కోడిపిల్లలు, మేత కంపెనీవి, షెడ్డు, కష్టం మీవి. పరిహారం కోళ్ళ యజమానికి వెళ్తుంది. మీ కష్టానికి ఏం ఇస్తారో కంపెనీతో ఉన్న అగ్రిమెంటులో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, జబ్బు వచ్చాక కాదు. రెండు, పందెం కోళ్ళు. సంక్రాంతి అయిపోయిన ఫిబ్రవరిలో భీమవరం వైపు ప్రతి వీధిలో వేలకు వేలు పలికే పుంజులుంటాయి. ప్రభుత్వ రేట్ల జాబితాలో పందెం కోడికి వేరే వరస లేదు. కోడి కోడే. అందుకే కిలోమీటరు వృత్తంలో టీము వస్తోందనగానే పుంజులు సంచుల్లో, స్కూటర్ల మీద, మేడ మీద గదుల్లోకి మాయమైపోతాయి. బాధ నాకు తెలుసు, ఒక పుంజుకు బాదంపప్పు పెట్టి పెంచినవాళ్ళను చూశాను. కానీ ఆ ఒక్క సంచిలో కోడి పది కిలోమీటర్లు దాటితే ఇంకో వృత్తం గీయాలి, ఇంకో లక్ష కోళ్ళు.

చంపడం, పూడ్చడం

టీములో మనుషులు పీపీఈ కిట్లు వేసుకుంటారు. ఫిబ్రవరి ఎండకే చెమట బూట్లలోకి కారుతుంది, కళ్ళద్దాలు మసకబారతాయి. కోళ్ళు నెమ్మదిగా ఉండే వేళ చూసి మొదలుపెడతారు. మెడ విరిచి చంపి, బస్తాల్లో వేసి గొయ్యి దగ్గరకు మోస్తారు. చూడాల్సిన దృశ్యం కాదు. ఇంట్లో పిల్లలను, ముసలివాళ్ళను ఆరోజు బంధువుల ఊరికి పంపకండి, జోన్ దాటకూడదు. ఇంట్లోనే తలుపులేసుకుని ఉండమనండి. మీరు కూడా సాయం చేస్తానని లోపలికి దిగకండి.

గొయ్యి విషయంలో మాత్రం మీ మాట పనికొస్తుంది. ఎందుకంటే మీ నేల సంగతి మీకే తెలుసు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు గొయ్యిలో సుమారు 1,800 కోళ్ళు పడతాయి. పెద్ద ఫారానికి జేసీబీ పెట్టి పొడుగ్గా తవ్వుతారు. సున్నం, కోళ్ళు, మళ్ళీ సున్నం, పైన మట్టి. డెల్టాలో చిక్కు ఏమిటంటే కొన్నిచోట్ల నాలుగడుగులు తవ్వేసరికి నీళ్ళు ఊరతాయి. నీళ్ళూరిన గోతిలో పూడిస్తే ఆ మురుగంతా బోరులోకి, చెరువులోకి దిగుతుంది. కాబట్టి అధికారులు అడక్కముందే చెప్పండి: ఎక్కడ మెరక, ఎక్కడ బోరు, వర్షాకాలంలో నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి. తర్వాత ఆ చోట కంచె కట్టించండి, కుక్కలు తవ్వకుండా.

పూడ్చడం తేలిక అనుకునేవాళ్ళకు డెన్మార్క్ సంగతి చెప్పాలి. 2020 నవంబరులో అక్కడ మింక్ అనే జంతువుల్లో కరోనా వైరస్ మార్పు చెంది మనుషులకు సోకుతోందని, దేశంలో ఉన్న మింక్‌లన్నిటినీ, కోటిన్నరకు పైగా, చంపమని ప్రభుత్వం ఆదేశించింది. వాటిని తక్కువ లోతు గోతుల్లో పూడ్చారు. కుళ్ళిన గ్యాసుకు శవాలు ఉబ్బి మట్టిని తోసుకుని పైకొచ్చేశాయి. చివరికి మరుసటి ఏడాది తవ్వి తీసి కాల్చాల్సి వచ్చింది. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి. జబ్బు లేని ఫారాల్లో కూడా చంపమని ఆదేశించే అధికారం చట్టంలో లేదని తర్వాత తేలింది. వ్యవసాయ మంత్రి మోగెన్స్ యెన్సెన్ రాజీనామా చేయాల్సి వచ్చింది. మన దగ్గర 2009 చట్టం ఉంది కాబట్టి ఆ తగాదా రాదు. అయినా మీ గేటుకు వచ్చినవాళ్ళను ఉత్తర్వు కాపీ అడగండి. అడగడం మీ హక్కు, ఇవ్వడానికి వాళ్ళకు ఇబ్బందేం ఉండదు.

చంపడం అయ్యాక మిగిలిన మేత, గుడ్లు, లిట్టర్ (కోళ్ళ కింద పరిచిన పొట్టు, పెంట), అట్ట ట్రేలు కూడా పూడ్చడమో కాల్చడమో చేస్తారు. షెడ్డును కడిగి, వైరస్‌ను చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం కొట్టి, సున్నం వేసి, సీలు చేస్తారు. కోడిపెంట బాగుందని, పొలానికి వేసుకుందామని పక్కకు తీయకండి. చల్లటి తడి పెంటలో ఈ వైరస్ వారాల తరబడి బతుకుతుంది.

మనుషుల లెక్క

కోళ్ళ సంగతి పశువైద్య శాఖ చూస్తుంటే మనుషుల సంగతి వైద్య ఆరోగ్య శాఖ చూస్తుంది. రెండూ వేరు వేరు జీపుల్లో వస్తాయి. ఒకదానికి చెప్పింది ఇంకోదానికి తెలిసిందనుకోకండి.

ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇంటింటికీ తిరిగి జ్వరాలు, దగ్గు అడుగుతారు. షెడ్డులో పనిచేసినవాళ్ళను, కోళ్ళను చంపిన టీమును పది రోజులు గమనిస్తారు. వాళ్ళకు ఫ్లూ వైరస్‌కు వాడే ఒసెల్టామివిర్ మాత్రలు డాక్టర్ల పర్యవేక్షణలో ఇస్తారు. మందుల షాపులో సొంతంగా కొని మింగకండి. ఈ పది రోజుల్లో జ్వరం, ఒళ్ళు నొప్పులు, ఆయాసం, కళ్ళు ఎర్రబడటం ఏది వచ్చినా 108కు చేసి, ముందే "నేను బర్డ్ ఫ్లూ ఫారంలో పనిచేశాను" అని చెప్పండి. ఆ ఒక్క వాక్యం డాక్టర్‌కు దారి చూపిస్తుంది. చెప్పకపోతే మామూలు జ్వరమనుకుని పారాసిటమాల్ ఇచ్చి పంపుతారు. బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన కూలీలున్నారా? వాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు ఆరోగ్య శాఖకు ఇవ్వండి. షెడ్డు మూతపడగానే వాళ్ళను రైలెక్కించేస్తే మీ బాధ్యత తీరదు, పది రోజులు ఉంచి అన్నం పెట్టండి.

ఈ జబ్బు మనుషులకు రావడం అరుదు. 2003 నుంచి ప్రపంచం మొత్తంలో లెక్కకు వచ్చిన కేసులు వెయ్యికి అటూ ఇటూ. కానీ వచ్చినవాళ్ళలో దాదాపు సగం మంది బతకలేదు. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ళ పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పుణె జాతీయ వైరాలజీ ల్యాబ్ పరీక్షలో హెచ్5ఎన్1 తేలింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని అప్పట్లో పేపర్లలో వచ్చింది. ఇంట్లో మిగతావాళ్ళెవరికీ రాలేదు. అంత అరుదు, అంత ప్రమాదం, రెండూ నిజాలే. చికెన్ కోసేటప్పుడు పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకోకండి. కత్తిపీట, గిన్నె, చేతులు సబ్బుతో కడగండి.

ఉడికిన చికెన్‌కు భయం లేదు. 70 డిగ్రీల వేడికి వైరస్ చచ్చిపోతుంది, మన పులుసూ వేపుడూ దానికంటే ఎక్కువే కాగుతాయి. సగం ఉడికిన గుడ్డు, పచ్చి గుడ్డు మాత్రం మానేయండి. ప్రతి బర్డ్ ఫ్లూకూ చికెన్ ధర పడిపోవడం, దాని వెనకే ఉచిత చికెన్ మేళాలు పెట్టడం, అక్కడ తోపులాట, ఇది మన దగ్గర ఒక ఆనవాయితీ అయిపోయింది. 2025లోనూ గుంటూరు, హైదరాబాద్‌లలో జరిగింది. జనం వారం భయపడతారు, ఉచితమంటే మర్చిపోతారు.

పరిహారం వచ్చేదాకా, ఆ తర్వాత

పరిహారం బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆధార్ కలిసిన ఖాతా, పాస్‌బుక్ మొదటి పేజీ, పంచనామా కాపీ, కౌలు షెడ్డయితే కౌలు కాగితం ఒకచోట ఉంచండి. ఆలస్యమైతే ముందు మండల పశువైద్యుడిని, తర్వాత జిల్లా పశుసంవర్ధక అధికారిని, ఆ తర్వాత కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే నోటితోనే జవాబొస్తుంది. ఫారం మీద లోనుంటే ఇన్ఫెక్టెడ్ జోన్ ఉత్తర్వు కాపీ పట్టుకుని బ్యాంకుకు వెళ్ళి వాయిదాలు వెనక్కి జరపమని అడగండి. వాళ్ళంతట వాళ్ళు జరపరు.

పరిహారం పాత నష్టాన్ని పూడ్చదు. గుడ్డు పెట్టని మూడు నెలలకు ఎవరూ కట్టివ్వరు. 2008లో పశ్చిమ బెంగాల్‌లో వైరస్ జిల్లా జిల్లాకూ పాకి సుమారు నలభై లక్షల పక్షులను చంపాల్సి వచ్చినప్పుడు, పెరటి కోళ్ళ వాళ్ళు కోళ్ళను దాచడానికి ఈ డబ్బు భయమే పెద్ద కారణం. డబ్బు ఎంత, ఎప్పుడు అన్నది మొదటి రోజే మైకులో చెప్పే ప్రభుత్వానికి కోళ్ళు దొరుకుతాయి. చెప్పని ప్రభుత్వానికి ఖాళీ గంపలు దొరుకుతాయి. సర్పంచిగా మీరున్న ఊళ్ళో మైకు మీ చేతిలో ఉంటుంది.

షెడ్డు సీలు చేశాక మూడు నెలలు నిఘా. పది కిలోమీటర్ల లోపల పదిహేను రోజులకోసారి శాంపిళ్ళు తీసి పంపుతారు. అన్నీ నెగెటివ్ వస్తే, షెడ్డు శుభ్రమైందని సర్టిఫికెట్ ఇస్తే, అప్పుడు కొత్త బ్యాచ్. తొందరపడి రెండు నెలలకే కోడిపిల్లలను తెచ్చినవాళ్ళున్నారు. పట్టుబడితే ఆ పిల్లలూ గోతిలోకే, ఈసారి పరిహారం అడిగే మొహం ఉండదు.

ఈ మూడు నెలల్లో చేయగల పనులు చేసుకోండి. షెడ్డు కన్నాలకు వల కట్టించండి, పిచ్చుకలు, కాకులు దూరకుండా. గేటు దగ్గర టైర్లు మునిగేంత బ్లీచింగ్ తొట్టి కట్టించండి. అట్ట ట్రేలు మానేసి కడిగే ప్లాస్టిక్ ట్రేలకు మారండి. ఒక్కో షెడ్డుకు వేరే బూట్లు కొనండి, రంగులు వేరుగా ఉంటే కూలీలు తికమక పడరు. పందులు తిరిగే వీధైతే కంచె వేయించండి, కోడి ఫ్లూ, మనిషి ఫ్లూ కలిసి కొత్తదిగా మారడానికి పంది ఒళ్ళు అనువైన చోటు.

కొత్త బ్యాచ్ మొత్తం ఒకేసారి దించకండి. ముందు ఒక షెడ్డులో కొద్దిగా వేసి మూడు వారాలు చూడండి. గోడకు కొత్త రిజిస్టర్ కట్టండి, దాని అట్ట మీద మండల డాక్టర్ నంబరు, 1962 పెద్దక్షరాలతో రాయండి. మొదటి పేజీలో చావుల గడి పక్కన ఇంకో గడి గీయండి: ఈరోజు గేటు దాటి ఎవరొచ్చారు, ఏ బండి, ఏ ఫారం నుంచి.